ఓఎల్ఈడీ ఉంటేనే మంచి తెరా?

నింటెండో స్విచ్ 2 అమ్మకానికి వచ్చింది 2025 జూన్ 5న. దాని తెర మీద తీర్పు మాత్రం అంతకు రెండు నెలల ముందే, ఏప్రిల్‌లో వివరాలు బయటపెట్టిన రోజునే వచ్చేసింది. "450 డాలర్లు పోసి ఎల్‌సీడీ కొనాలా?" అప్పటి నుంచి ఆటల మీద రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు, కొన్నవాళ్లు, కొనే ఉద్దేశమే లేనివాళ్లు అందరిదీ ఒకటే పాట. చేత్తో పట్టుకుని ఆడే కన్సోల్‌కు ఓఎల్ఈడీ తెర ఉండి తీరాలి, లేదంటే కంపెనీ కొనేవాడి జేబు కొట్టినట్టే.

ఈ మాటలో పసే లేదనడం అన్యాయం. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. ఎల్‌సీడీలో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎంత అడ్డుకున్నా కాస్త వెలుగు బయటికి జారుతుంది, నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది. 2021 అక్టోబర్ 8న స్విచ్ ఓఎల్ఈడీ మోడల్, దాంతోపాటే మెట్రాయిడ్ డ్రెడ్ ఆట విడుదలయ్యాయి. ఆ ఆటలోని చీకటి సొరంగాలను రెండు తెరల మీదా పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. 2023 నవంబర్‌లో వాల్వ్ కూడా తన చేతి కన్సోల్ స్టీమ్ డెక్‌కు ఓఎల్ఈడీ పెట్టింది. ఇరవై వేల రూపాయల ఫోన్లకే ఓఎల్ఈడీలో ఒక రకమైన అమోలెడ్ వస్తున్న రోజులివి. ఒకసారి ఇచ్చినదాన్ని తర్వాతి తరంలో వెనక్కి లాక్కోవడం ఏమిటన్న ప్రశ్న ఎవరికైనా పుడుతుంది.

కంటికి కనిపించే ఆ తేడా నిజం. దాని మీద నిలబెట్టిన తీర్పే తప్పు.

1. ఫోన్ లెక్క కన్సోల్‌కు పనికిరాదు

అందరికంటే ముందు వినిపించేది ఫోన్‌తో పోలిక. ఏటా కోట్లలో తయారయ్యే ఆరున్నర అంగుళాల ఫోన్ తెర ధర ఎలా పడిపోతుందో, ఒకే ఒక్క యంత్రం కోసం 7.9 అంగుళాల కొలతలో చేయించుకునే తెర ధర అలా పడిపోదు. పైగా ఫోన్ తెరలు నిలువుగా వాడటానికి తయారైనవి. అలాంటి నిలువు తెరను అడ్డంగా తిప్పి బిగిస్తే ఏమవుతుందో 2023లో వచ్చిన లెనోవో లీజియన్ గో అనే చేతి కన్సోల్ కొన్నవాళ్లు చూశారు. కొన్ని పాత ఆటలు ఆ తెరను నిలువు తెరగానే లెక్కగట్టి తికమకపడ్డాయి.

ఫోన్ల ప్రకటనల్లో కనిపించే 'అడాప్టివ్ రిఫ్రెష్' కూడా వేరే సరుకు. చదువుతున్న పేజీ కదలకుండా ఉంటే తెర వేగం తగ్గించి బ్యాటరీ మిగల్చడం దాని ప్రధానమైన పని. ఆట గీసే ప్రతి ఫ్రేము కోసం ఎదురుచూసి, అది సిద్ధమైన క్షణానే చూపించడం మరో పని. ఈ రెండో పని దగ్గరే అసలు చిక్కంతా ఉంది. దాని సంగతి కాస్త ఆగి చూద్దాం.

2. స్టీమ్ డెక్ కథలో చెప్పని సగం

ఓఎల్ఈడీ వాదుల చేతిలో పెద్ద ఆయుధం స్టీమ్ డెక్. తెర మార్చగానే యంత్రమే కొత్తదైపోయిందని, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వచ్చిందని చెబుతారు. బ్యాటరీ ఎక్కువసేపు వచ్చిన మాట వాస్తవమే. వాల్వ్ లెక్క ప్రకారం పాత మోడల్ 2 నుంచి 8 గంటలు, కొత్తది 3 నుంచి 12 గంటలు. ఆ లాభమంతా తెర ఖాతాలో వేయడం మాత్రం మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. అదే మోడల్‌లో బ్యాటరీ 40 వాట్-అవర్ల నుంచి 50కి పెరిగింది. చిప్ 7 నానోమీటర్ల నుంచి 6కు దిగింది. ఫ్యాన్ మారింది, తెర మారే వేగం 60 హెర్ట్జ్ (సెకనుకు 60సార్లు) నుంచి 90కి ఎక్కింది, బరువు 669 గ్రాముల నుంచి 640కి తగ్గింది. ఇన్ని మార్చి పెట్టెకు ఒక్క తెర పేరే పెట్టారు. జనం పేరునే చదివారు.

ఇంకో సంగతి. 2022 నాటి స్టీమ్ డెక్ తెర ఎల్‌సీడీల్లోనే నాసిరకం. మామూలు కంప్యూటర్ తెరలకు కొలమానమైన ఎస్ఆర్‌జీబీ రంగుల్లో అది చూపగలిగినవి దాదాపు మూడింట రెండు వంతులు. నాసిరకం ఎల్‌సీడీని మేలైన ఓఎల్ఈడీ పక్కన పెట్టి, ఎల్‌సీడీ జాతి మొత్తం ఇంతేనని తేల్చేశారు.

తెర ఒక్కటే మారితే ఏమవుతుందో చెప్పగల ఉదాహరణ వేరే ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. అది స్విచ్. 2019లో సవరించి విడుదల చేసిన మోడల్‌కూ 2021 ఓఎల్ఈడీ మోడల్‌కూ చిప్ ఒకటే, బ్యాటరీ 4310 ఎంఏహెచ్ ఒకటే, తెరలోని పిక్సెళ్లూ అవే 1280x720. నింటెండో రెండింటికీ చెప్పే గంటలు కూడా ఒకటే, నాలుగున్నర నుంచి తొమ్మిది. తెర 6.2 అంగుళాల నుంచి 7కు పెరిగిందన్నది లెక్కలోకి తీసుకోవాల్సిందే, అయినా ఓఎల్ఈడీ దానంతటదే బ్యాటరీని కాపాడే మంత్రమేమీ కాదని దీంతో తేలిపోతుంది. అది చీకటి దృశ్యాల్లో మిగులుస్తుంది, మంచు కొండలూ ఆకాశమూ తెర నిండా ఉంటే ఖర్చు పెడుతుంది. విడుదలైనప్పుడు ఆ మోడల్‌కు 50 డాలర్లు అదనం. మెరుగైన స్టాండు, రెట్టింపు స్టోరేజీ కూడా ఇచ్చారు కాబట్టి మోసమనలేం. ఆట మాత్రం ఒక్క ఫ్రేము కూడా వేగంగా నడవలేదు.

3. ఆట అంటే కదిలే బొమ్మ

ఈ చర్చలో అందరూ చూపించేవి ఆగిన ఫొటోలు. ఆటను ఆపి, రెండు తెరలకూ ఫొటో తీసి, ఏది బాగుందో చెప్పమంటారు. ఆట ఆడేవాడు చూసేది ఫొటో కాదు.

చేతిలోని యంత్రం బలం తక్కువ. ఇంట్లో టీవీకి తగిలించిన పెద్ద కన్సోల్‌లా ప్రతి ఆటనూ సెకనుకు 60 ఫ్రేములతో నడపడం దాని వల్ల కాదు. పోరాటం ముదిరే సరికి 60 కాస్తా 52కో 48కో జారుతుంది. 60 హెర్ట్జ్ తెర మీద 48 ఫ్రేముల ఆట ఎలా కనిపిస్తుందో లెక్క వేస్తే చిక్కు అర్థమవుతుంది. తెర ఐదుసార్లు మారే సమయంలో ఆట నాలుగు ఫ్రేములే ఇస్తుంది. మూడు ఫ్రేములు 16.7 మిల్లీసెకన్ల చొప్పున కనిపిస్తాయి, నాలుగోది రెట్టింపుసేపు, 33.3 మిల్లీసెకన్లు నిలబడిపోతుంది. మళ్లీ మూడు, మళ్లీ ఒక కుదుపు. సెకనుకు పన్నెండుసార్లు ఇదే తంతు. కెమెరా తిప్పినప్పుడల్లా బొమ్మ గతుకుల రోడ్డు మీద బస్సులా నడుస్తుంది.

ఈ కుదుపుకు మందు వీఆర్ఆర్ (వేరియబుల్ రిఫ్రెష్ రేట్). ఫ్రేము ఎప్పుడు సిద్ధమైతే తెర అప్పుడే మారుతుంది. 48 ఫ్రేములంటే 48సార్లే, అన్నీ సమానంగా. స్విచ్ 2 తెరకు ఇది ఉంది. 2023లోనే ఏసుస్ వారి చేతి కన్సోల్ ఆర్ఓజీ ఆలైకి ఉంది, అదీ ఎల్‌సీడీయే. అందరూ నెత్తిన పెట్టుకునే స్టీమ్ డెక్ ఓఎల్ఈడీకి లేదు.

ఓఎల్ఈడీకి వీఆర్ఆర్ జోడించడం అంత తేలిక కాదు. ఓఎల్ఈడీ తెరను ఒక స్థిరమైన రిఫ్రెష్ వేగానికి సరిదిద్ది పెడతారు. వేగం క్షణక్షణం మారుతుంటే ముదురు రంగుల వెలుతురు కూడా సన్నగా మారుతుంది, చీకటి గదిలో గోడ మినుకుమినుకుమంటుంది. ఓఎల్ఈడీ టీవీల్లో, మానిటర్లలో ఈ ఫిర్యాదు పాతదే. అంటే ఓఎల్ఈడీకి పేరు తెచ్చిన ఆ నలుపు దగ్గరే వీఆర్ఆర్ తగాదా పెట్టుకుంటుంది. దీన్ని దాటడం అసాధ్యమేమీ కాదు. 2025 చివర్లో వచ్చిన లీజియన్ గో 2లో ఓఎల్ఈడీ, వీఆర్ఆర్ రెండూ ఉన్నాయి. వచ్చినప్పుడు దాని ధర మొదలైందే వెయ్యి డాలర్ల పైన, స్విచ్ 2 ధరకు రెండింతలకు మించి. రెండూ కావాలని డిమాండ్ చేసేవాళ్లు ఆ బిల్లు కూడా చూపించాలి కదా!

స్విచ్ 2కు ఉన్న 120 హెర్ట్జ్ తెర వల్ల ఇంకో వెసులుబాటు ఉంది. 30 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60లో 16.7. ఈ రెంటికీ సరిగ్గా నడుమ ఉండేది 25 మిల్లీసెకన్లు, అంటే 45 ఫ్రేములు కాదు, 40. సైబర్‌పంక్ 2077 స్విచ్ 2 మీద 40 ఫ్రేముల మోడ్ ఇచ్చింది అందుకే. 120ని 40తో భాగిస్తే మూడు, ఒక్కో ఫ్రేముకు మూడు రిఫ్రెష్‌లు, ఎక్కడా కుదుపు లేదు. 60 హెర్ట్జ్ ఓఎల్ఈడీ మీద ఈ లెక్క కుదరదు. అన్నట్టు ఓఎల్ఈడీ పిక్సెల్ క్షణంలో రంగు మార్చేస్తుంది కాబట్టి 30 ఫ్రేముల ఆటలో అతుకులు దాని మీద ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నెమ్మదిగా మారే ఎల్‌సీడీ వాటిని కాస్త పులిమి దాచేస్తుంది. ఓఎల్ఈడీ వేగం కూడా అన్నిచోట్లా వరమేమీ కాదన్నమాట.

4. పిక్సెళ్ల మోజు

ఓఎల్ఈడీ పాటకు వంతపాట ఒకటుంది. రిజల్యూషన్ ఎంత ఎక్కువైతే తెర అంత గొప్పదట. సాధారణ చూపున్న కన్ను విడదీసి చూడగలిగేది కోణంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. కన్సోల్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కొలత అంగుళానికి సుమారు 218 పిక్సెళ్లు అవుతుంది. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీలో ఉన్నవి 204. స్విచ్ 2లో 279. లీజియన్ గో 2023లో 343 దాకా వెళ్లింది, 2560x1600.

కంటికి అందని ఆ పిక్సెళ్లను నింపాల్సింది చిప్. స్టీమ్ డెక్ తెరలో పది లక్షల పిక్సెళ్లు, లీజియన్ గోలో నలభై లక్షలు, నాలుగింతలు. దానికిచ్చిన బ్యాటరీ మాత్రం 49.2 వాట్-అవర్లు. పిండి కొద్దీ రొట్టె అన్నారు. కొన్నవాళ్లు చాలా ఆటల్ని రిజల్యూషన్ తగ్గించుకునే ఆడారు. లెనోవో సైతం లీజియన్ గో 2లో 1920x1200కు దిగింది. రెండో తరంలో పిక్సెళ్లు దాదాపు సగం కోసి, బ్యాటరీని 74 వాట్-అవర్లకు పెంచింది. దీన్ని ఎవరూ వెనకడుగు అనలేదు. ఎందుకంటే పెట్టె మీద ఓఎల్ఈడీ అని ఉంది.

ఏసుస్ దారి ఇంకా సూటిగా ఉంది. 2023 ఆలై మీద వచ్చిన పెద్ద ఫిర్యాదు బ్యాటరీ. 2024 ఆలై ఎక్స్‌లో తెర ముట్టుకోకుండా బ్యాటరీని 40 నుంచి 80 వాట్-అవర్లకు, సరిగ్గా రెట్టింపు చేసింది. 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి తెచ్చిన ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్‌లోనూ అదే 7 అంగుళాల, 1080పీ, 120 హెర్ట్జ్ ఎల్‌సీడీ. మన దేశంలో లక్ష రూపాయలు దాటిన ధరకు అమ్ముతున్న యంత్రమది. నింటెండోను ఏకిపారేసినవాళ్లు దీని దగ్గర గొంతు ఎందుకు తగ్గించారో వాళ్లే చెప్పాలి.

పిక్సెళ్లు నిజంగా పనికొచ్చే చోటూ ఉంది. 2021లో వచ్చిన అనలాగ్ పాకెట్ 3.5 అంగుళాల తెరలో 1600x1440 పిక్సెళ్లు పెట్టింది. పాత గేమ్ బాయ్ తెర 160x144 కాబట్టి ఒక్కో పాత పిక్సెల్‌కు నిలువున పది, అడ్డంగా పది కొత్తవి. పాత తెర గళ్లను కూడా గీసి చూపించవచ్చు. అక్కడ ఆ అంకెకు ఒక పని ఉంది.

5. చరిత్రను అడిగితే

1989లో గేమ్ బాయ్ వచ్చినప్పుడు దాని తెర నిజంగానే దరిద్రంగా ఉండేది. పచ్చటి నేల మీద నాలుగు ఛాయలు, వెనక లైటు లేదు, బొమ్మ కదిలితే తోక మిగిలేది. అదే ఏడాది రంగుల తెరతో, బ్యాక్‌లైట్‌తో అటారీ లింక్స్ వచ్చింది. 1990లో సెగా గేమ్ గేర్ వచ్చింది. గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్స్ మింగి మూడు నుంచి ఐదు గంటలు నడిచేది. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తోనే అంతకంటే చాలా ఎక్కువ గంటలు లాగేది. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ సుమారు కోటి దగ్గర ఆగింది. గేమ్ బాయ్ రూపకర్త గున్‌పెయ్ యోకోయ్ ముదిరిన, చవకైన సాంకేతికతను కొత్త పనికి వాడాలనేవాడు. దానికి ఇంతకంటే పెద్ద రుజువు దొరకదు.

2011లో సోనీ ప్లేస్టేషన్ వీటా 5 అంగుళాల ఓఎల్ఈడీతో వచ్చింది. ఆనాటికి చేతిలో అంత అందమైన తెర లేదు, చీకటి దృశ్యాల్లో మరకలు మరకలుగా కనిపించడం తప్ప. రెండేళ్లకు, 2013లో, సోనీ దాన్ని తీసేసి ఎల్‌సీడీ పెట్టింది. ఇవాళ వింటున్న గోలే ఆ రోజూ వినిపించింది. కొత్త వీటా సన్నబడింది, తేలికైంది, బ్యాటరీ ఒక గంట అదనంగా వచ్చింది. వీటా ఓడింది తెర వల్ల కాదు, ఖరీదైన మెమరీ కార్డులూ చాలినన్ని ఆటలు లేకపోవడమూ దాన్ని దెబ్బతీశాయి. అంత గొప్ప తెర దాన్ని కాపాడలేకపోయిందన్నదే ఇక్కడ లెక్కకొచ్చే సంగతి. అదే కాలంలో 240 వరుసల మామూలు ఎల్‌సీడీతో నింటెండో 3డీఎస్ ఏడున్నర కోట్లు దాటింది.

దీన్నుంచి 'తెర ఎలా ఉన్నా ఫర్వాలేదు' అనే పాఠం లాగేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర ఎంత చీకటిగా ఉండేదంటే, జనం యంత్రాన్ని విప్పి ఆఫ్టర్‌బర్నర్ అనే లైటు కిట్ బిగించుకున్నారు. నింటెండో 2003లో ఎస్‌పీ మోడల్‌తో దిద్దుకుంది. లైటుతోపాటే రీఛార్జి బ్యాటరీ ఇచ్చింది, లైటు వేసినా పది గంటలు నడిచేలా చూసింది. లైటు ఖర్చు భరించే బ్యాటరీ చేతికొచ్చాకే లైటు పెట్టింది.

6. నిలదీయాల్సింది వేరే చోట

అలాగని నింటెండోను వెనకేసుకొచ్చే పనేమీ లేదు. స్విచ్ 2 తెరలో పెద్ద లోపమే ఉంది, దాని పేరు ఎల్‌సీడీ కాదు. స్వతంత్రంగా కొలిచినవాళ్లకు ఆ తెర పిక్సెల్ ఒక రంగు నుంచి మరో రంగుకు మారడానికి సగటున 30 మిల్లీసెకన్లకు పైనే పట్టింది. 120 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేము ఉండేది 8.3 మిల్లీసెకన్లు. పిక్సెల్ ఒక రంగు పూర్తిగా తొడుక్కునేలోపు దాదాపు నాలుగు ఫ్రేములు వచ్చి పోతాయి. మెట్రాయిడ్ ప్రైమ్ 4 ఆట చేతిలో 120 ఫ్రేములతో నడవగలదు, ఆ ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి అలుక్కుపోతాయి. 2017 నాటి తొలి స్విచ్ తెర కూడా ఇంతకంటే చురుకైనదే. ఆర్ఓజీ ఆలై కూడా ఎల్‌సీడీయే, ఈ జబ్బు దానికి ఇంతగా లేదు. కాబట్టి తప్పు జాతిది కాదు, ఈ తెరను ఎంచిన చేతిది. పిక్సెల్‌కు కాస్త ఎక్కువ వోల్టేజి తగిలించి తొందరపెట్టే ఓవర్‌డ్రైవ్ పద్ధతి ఎల్‌సీడీ మానిటర్లలో ఏళ్లుగా ఉన్నదే.

రెండోది హెచ్‌డీఆర్ ముద్ర, అంటే వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను మరింత విస్తృతంగా చూపిస్తామన్న మాట. సుమారు 420 నిట్స్ వెలుగు, అంచున ఒకే లైటు, చీకటి భాగాల్లో దాన్ని విడిగా తగ్గించే ఏర్పాటు లేదు. అలాంటి తెర హెచ్‌డీఆర్ సంకేతాన్ని అందుకుంటుంది, హెచ్‌డీఆర్‌ను చూపించలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దీని మీద ఎవరైనా కంపెనీని దులిపేస్తే అది న్యాయం.

ఓఎల్ఈడీ అనే ఒక్క పదం చుట్టూ తిరిగే గోల ఈ రెండు నేరాలనూ కప్పేస్తోంది. ఎల్‌సీడీ కాబట్టే బొమ్మ అలుక్కుపోతోందని జనం నమ్మితే కంపెనీకి అంతకంటే హాయి లేదు. నాసి ఎంపికకు జవాబు చెప్పే పని తప్పుతుంది, రేపు మరింత డబ్బుకు మందు అమ్ముకునే దారీ దొరుకుతుంది. నింటెండోగానీ వాల్వ్‌గానీ ఈ యంత్రాలను మన దేశంలో నేరుగా అమ్మవు. గ్రే మార్కెట్లోనో, అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులోనో తెప్పించుకునే తెలుగువాడికి వారంటీ కూడా ఉండదు. తెర పగిలితే బాగుచేయించే ఖర్చంతా అతనిదే.

సమీక్ష రాసేవాళ్లు తెర జాతి పేరు చెప్పి ఊరుకోకుండా నాలుగు సంగతులు కొలిచి చెప్పాలి: పిక్సెల్ ఎంతసేపట్లో మారుతుంది, వీఆర్ఆర్ ఏ వేగం నుంచి ఏ వేగం దాకా పనిచేస్తుంది, ఫలానా వెలుగు దగ్గర బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, పగటి వెలుతురులో తెర ఎంత మెరుస్తుంది. ఈ నాలుగింట్లో స్విచ్ 2 మొదటిదానిలో తప్పింది, రెండోదానిలో నెగ్గింది. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ మొదటిదానిలో నెగ్గింది, రెండోదానిలో పరీక్షకే కూర్చోలేదు. రేపు నింటెండో ఓఎల్ఈడీ పెట్టి, వీఆర్ఆర్ పీకేసి, ఇంకో యాభై డాలర్లు అడిగితే ఇవాళ అరుస్తున్నవాళ్లలో ఎంతమంది దాన్ని వెనకడుగు అంటారు?